ఎండకు వెలిసిన ప్లాస్టిక్కు – దాని బాగుసేత

మన పాఠశాల వెనుక ఆవరణమున ఒక పెద్ద తురాయి చెట్టు ఉండెడిది. ఉపాధ్యాయుల సైకిళ్లును స్కూటర్లును దాని నీడనే నిలుచుచుండెడివి. 2016 వ సంవత్సరము డిసెంబరు 12 వ తేదీన వర్దా తుపాను చెన్నపట్టణమును తాకినపుడు, నగరమందలి వేలకొలది చెట్లతోబాటు అదియు నేలకొరిగినది. అదృష్టవశమున ఎవరికిని దెబ్బ తగులలేదు. కొమ్మలను నరికించి, మొద్దును తీయించి, నేలను చదును చేయించి, వాహనములు నిలుపుకొనుటకు విశాలమైన చోటు దొరకినదని సంతోషించితిమి. ఆ సంతోషము ఎంత పొరపాటో తెలియుటకు కొన్ని సంవత్సరములు పట్టినది.

నా స్కూటరును 2014 లో కొంటిని. చెట్టు ఉన్నంతకాలము దాని నల్లని ప్లాస్టిక్కు భాగములు నిగనిగలాడుచుండెను. చెట్టు పోయిన పిమ్మట అవి క్రమముగా బూడిదరంగునకు దిగి, తుదకు విభూతి పూసినట్లు తెల్లబారినవి. ఇంజను మాత్రము చక్కగా నడచుచునే యుండెను. గత వేసవిలో మా కార్యాలయ సహాయకుని కుమార్తెకు, మన పాఠశాలలోనే చదివిన బాలికకు, కళాశాలలో ప్రవేశము లభించినది. ఆమె ఇంటికిని కళాశాలకును దూరము ఎక్కువ. ఆ స్కూటరును ఆమెకు ఇయ్యవలెనని నిశ్చయించుకొంటిని. అయితే ఇచ్చు వస్తువు పారవేసిన వస్తువువలె కనబడరాదు గదా! పుచ్చుకొనువారి మనస్సు నొచ్చుకొనును. కావున ముందుగా దానిని బాగుచేయ బూనితిని.

ఆ పనిలో నేను నేర్చుకొన్న సంగతులు విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునని తలచి ఇచట వ్రాయుచున్నాను. నేను యంత్రశాస్త్రజ్ఞుడను గాను. తరగతిలో సామాన్యశాస్త్రము బోధించిన అనుభవమును, సొంత బండిని సొంతచేతితో తుడుచుకొను అలవాటును మాత్రమే నాకు కలవు.

రేకు బండి, ప్లాస్టిక్కు బండి

మా చిన్ననాట స్కూటరు అనగా ఇనుపరేకుతో చేసినదే. 1972 లో వచ్చిన బజాజ్ చేతక్, అంతకుముందునుండి ఉన్న లాంబ్రెట్టా, హైదరాబాదున ఆల్విన్ వారు తయారుచేసిన పుష్పక్ మొదలగునవన్నియు రేకు బండ్లే. వాటికి శత్రువు తుప్పు. ఉప్పుగాలి వీచు ఈ పట్టణమున ఆ బాధ మరింత ఎక్కువ. 1984 లో కైనెటిక్ హోండా వచ్చినది మొదలు గేరులేని, ప్లాస్టిక్కు తొడుగుగల బండ్లు మనదేశమున వ్యాపింపసాగినవి. ప్లాస్టిక్కు తుప్పుపట్టదు, తేలికగా నుండును, ఏ ఆకారముననైనను పోతపోయవచ్చును. కాని దానికి వేరొక శత్రువు కలదు. అదియే ఎండ.

తెల్లబారుటకు కారణము

మొదట మేము రెండు సంగతులు గమనించితిమి. నా స్కూటరు ప్రతిదినము తూర్పుముఖముగా ఒకేచోట నిలుచుచుండెను. కావున దాని కుడిపక్క దక్షిణదిశకు ఉండెడిది. ఆ పక్క మిక్కిలి తెల్లబారినది. ఎడమపక్క అంతగా తెల్లబారలేదు. చెన్నపట్టణము ఉత్తర అక్షాంశము 13 డిగ్రీల చెంత నున్నది. ఏప్రిల్ చివరివారము మొదలు ఆగస్టు మూడవవారము వరకు మాత్రమే మధ్యాహ్నసూర్యుడు మనకు ఉత్తరముగా ఉండును. తక్కిన ఎనిమిది మాసములు దక్షిణముగానే నడచును. మనము భూగోళశాస్త్రమున చదువుకొన్న పాఠమే స్కూటరు పక్కలమీద కనబడినది.

రెండవ సంగతి ఇది. ఒక పాత స్టిక్కరును గోటితో ఊడదీయగా, దాని క్రింద ప్లాస్టిక్కు కొత్త బండిమీద వలె నల్లగా నున్నది. స్టిక్కరు క్రింది ప్లాస్టిక్కును, దాని చుట్టునున్న ప్లాస్టిక్కును ఒకేనాడు పుట్టినవి. ఒకే బండిమీద తిరిగినవి. వాటి నడుమ భేదము వెలుతురు తగులుట, తగులకపోవుట మాత్రమే. కావున దోషము వయస్సుది కాదు, ఎండదేయని తేలినది.

ఎండ ఏమి చేయును? స్కూటరునందు రంగువేయని నల్లని భాగములు సాధారణముగా పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్కుతో చేయబడును. ఇటలీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు జూలియో నాట్టా 1954 లో దీనిని అణువుల అమరిక క్రమముగా నుండునట్లు తయారుచేసెను. 1963 లో ఆయనకును జర్మనీ దేశస్థుడగు కార్ల్ జీగ్లర్‌కును రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఈ ప్లాస్టిక్కునందలి అణువులు పొడవైన దండలవంటివి. ఒక్కొక్క దండలో కర్బన పరమాణువులు వేలకొలది వరుసగా గ్రుచ్చబడి, వాటికి ఉదజని పరమాణువులు అంటుకొనియుండును. దండలు ఒకదానితోనొకటి పెనవేసికొనుటచేతనే ప్లాస్టిక్కునకు బిగువు కలుగుచున్నది.

సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. అవి ప్లాస్టిక్కు పైపొరను తాకి దండలయందలి బంధములను సడలించును. గాలిలోని ఆమ్లజని ఆ సందున చొరబడి దండను తెగగొట్టును. ఒక తెగుదల మరికొన్ని తెగుదలలకు దారితీయును. వేడి ఈ పనిని త్వరపరచును. పొడవైన దండలు పొట్టిముక్కలు కాగా పైపొర కుంచించుకొని, కంటికి కనబడనంత సన్నని పగుళ్లు పడును. లోపల కలిపియున్న సుద్దవంటి పూరకపు పొడులు కూడ బయటపడవచ్చును.

నల్లని ప్లాస్టిక్కు తెల్లగా ఏల కనబడవలెను? పటికబెల్లపు పలుకు అద్దమువలె నుండును. దానినే దంచిన తెల్లని పొడి యగును. దంచునపుడు మనమెవ్వరమును తెలుపు కలుపలేదు. పలుకు అసంఖ్యాకములగు చిన్నముక్కలై, వాటి నడుమ గాలి చేరి, కాంతి అన్నివైపులకు చెదరుటచే తెల్లగా తోచుచున్నది. ప్లాస్టిక్కు పైపొర సంగతియు అట్టిదే. ఆ తెలుపు పైనుండి వచ్చిపడిన దుమ్ము కాదు. లోని నలుపు ఆవిరియైపోవుటయు కాదు. ప్లాస్టిక్కు చర్మమే చిట్లినది. ఈ ఒక్క సంగతి మనస్సున నుంచుకొన్నచో ఏ చికిత్స ఎంతవరకు పనిచేయునో మనకే తెలియును.

ఈ చిట్లుటను మన నగరవాసులు ఎరుగనివారు కారు. 2019 వేసవిలో నీరు కరువై, లారీ వచ్చువరకు వీధులలో రంగురంగుల ప్లాస్టిక్కు బిందెలు బారులు తీరినవి. ఎండలోనే ఉండు బిందె కొన్నాళ్లకు వెలిసి, గరుకెక్కి, ఒకనాడు మెడవద్ద పుటుక్కున విరుగును. మేడలమీది నీటితొట్లు అనేకము నల్లగా నుండుటకును కారణమిదే. వాటిలో కలిపిన సన్నని మసి అతినీలలోహిత కిరణములను తానే మ్రింగి ప్లాస్టిక్కును కాపాడును. నీరు పాచిపట్టకుండ వెలుతురును అడ్డగించును. స్కూటరు భాగములయందును మసి ఉండును. అది కీడును ఆలస్యము చేయును గాని పూర్తిగా ఆపజాలదు.

ముందు చేయవలసిన పరీక్షలు

బండిని నీడకు తెచ్చి, సబ్బునీటితోను మెత్తని కుంచెతోను కడిగి ఆరనియ్యవలెను. మురికి వదలుటకు కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు వాడు అలవాటు కొందరికి కలదు. అది మంచిది కాదు. అవి కొన్ని ప్లాస్టిక్కులను ఉబ్బించును, కొన్నిటిని కరగించును, కొన్నిటిని పగులగొట్టును. నిప్పంటుకొను భయము సరేసరి.

తరువాత ఏ భాగము ఏ ప్లాస్టిక్కో తెలిసికొనవలెను. భాగమును విప్పి వెనుకవైపు చూచిన, ఉబ్బెత్తు అక్షరములు పోతలోనే ఉండును. పి.పి. అని యున్న పాలీప్రొపిలీన్, ఎ.బి.యస్. అని యున్న రంగువేసిన పక్కపలకలకు వాడు గట్టి ప్లాస్టిక్కు, పి.సి. అని యున్న పాలీకార్బొనేట్. హెడ్‌లైటు పైనుండు పారదర్శకపు మూత ఈ చివరిదానితోనే చేయబడును.

మూడవది నీటిచుక్క పరీక్ష. తెల్లబారిన చోట తడివ్రేలితో రాయవలెను. తడిగా నున్నంతసేపు నలుపు తిరిగివచ్చి, ఆరగానే మరల తెల్లబారును. పలకను తడిగుడ్డతో తుడిచినపుడు ఇట్టి మార్పునే చూచియుందురు. పగుళ్లలో గాలి ఉన్నచోట నీరు నిండినది. నీటి వక్రీభవన గుణకము 1.33, గాలిది 1, పాలీప్రొపిలీనుది సుమారు 1.49. నీరు ప్లాస్టిక్కునకు దగ్గరగా నుండుటచే కాంతి చెదరుట తగ్గినది. నీటికంటె నూనె ఇంకను దగ్గర. అందుచేతనే నూనె రాసిన నల్లబడును.

నూనె చికిత్స – నేను చేసిన పొరపాటు

నేనును మొదట నూనెతోనే ప్రారంభించితిని. కొబ్బరినూనెను గుడ్డతో రుద్దగా అర్ధగంటలో బండి కొత్తదానివలె మెరసినది. బాలికయు ఆమె తండ్రియు వచ్చి చూచి సంతోషించిరి. మరునాడే తీసికొనిపొమ్మంటిని. కాగితముల మార్పు పూర్తికానందున రెండు వారములు ఆలస్యమైనది. ఈలోగా నూనెకు దుమ్మంటి, బండి మునుపటికంటె వికారమైనది. సబ్బుతో కడుగుచు ముందు మడ్‌గార్డును చేతితో అదిమితిని. మరచీల రంధ్రములచుట్టు వెండ్రుకవంటి పగుళ్లు నాలుగు కనబడినవి. మరికొంత అదుమగా ఒక మూల విరిగి చేతికి వచ్చినది.

ఆ సమయమున నాకు కలిగిన భయమును ఇప్పటికిని మరువలేదు. నడచుచున్న బండిలో మడ్‌గార్డు విరిగి చక్రమునకు అడ్డుపడినచో నడుపు మనిషి గతి యేమి? నూనె ఆ పగుళ్లను మాన్పలేదు. నా కంటికి కనబడకుండ కప్పినది. మెరయు బండిని ఇచ్చుచున్నానని గర్వించితిని గాని, ఒక ప్రమాదమును ముస్తాబు చేసి ఇయ్యబోయితిని. ఆ మడ్‌గార్డును తీసివేసి కొత్తది వేయించితిని. అయిన ఖర్చు కొద్ది వందల రూపాయలు మాత్రమే.

కావున చికిత్సకు ముందే చేయవలసిన నాలుగవ పరీక్ష ఇది: ప్రతి భాగమును, ముఖ్యముగా మరచీల చుట్టును, కొక్కెములవద్దను నూనె లేకుండ, పొడిగా నున్నపుడు, మంచి వెలుతురులో చూచి మెల్లగా వంచవలెను. పగులు కనబడిన భాగమునకు మెరుగు పెట్టరాదు; మార్పించవలెను. పాత భాగములకు పుదుపేట ప్రసిద్ధమేయైనను, ఎండలో ఏండ్లతరబడి నిలిచిన బండినుండి తీసిన భాగమునకు ఇదే రోగము ఉండవచ్చును. దానికిని ఈ పరీక్ష చేయవలెను. తెగిన దండలను మరల అతుకు మందు ఏ దుకాణమునను లేదు.

పగుళ్లు లేని భాగములకు నూనె చికిత్స నిరపాయకరమే. అయితే కొబ్బరినూనెకంటె రంగుల దుకాణములలో దొరకు కాచిన అవిసెనూనె మేలు. అది గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని సన్నని పొరగా గట్టిపడును. పలుచగా రాసి, పావుగంట తరువాత మిగులును తుడిచివేయవలెను. ఇచట ఒక ముఖ్యమైన హెచ్చరిక కలదు. అవిసెనూనె ఆరునపుడు వేడి పుట్టును. దానితో తడిసిన గుడ్డలను కుప్పగా పడవేసినచో వాటంతట అవియే అంటుకొనవచ్చును. ఆ గుడ్డలను నీటిలో తడిపి గాని, విడివిడిగా పరచి ఆరవేసి గాని పారవేయవలెను.

బజారున అమ్ము మెరుగుమందులలో అనేకము సిలికోన్ నూనెతో చేయబడినవి. కొన్నిటిలో అతినీలలోహిత కిరణములను అడ్డగించు పదార్థమును ఉండును. అట్టివి మేలు. ఏ నూనెయైనను ఫుట్‌బోర్డునకు, సీటునకు, చేతిపిడులకు, టైర్లకు, బ్రేకులకు అంటనీయరాదు. జారిపడుదురు.

వేడి చికిత్స

రంగువేయని పాలీప్రొపిలీన్ భాగములకు హీట్ గన్ అను వేడిగాలి యంత్రముతో చేయు చికిత్స మరియొకటి కలదు. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెంటిగ్రేడువద్ద కరగును. వేడిగాలిని ఒకచోట నిలుపక కదలించుచు పోయినచో పైపొర రవంత కరగి పగుళ్లు పూడుకొనును. బూడిదరంగు చూచుచుండగనే నల్లబడును. నూనె నలుపువలె ఇది కడిగిన పోదు. కాని ఎండలో నిలిపిన మరల తెల్లబారును. పలుమార్లు చేసిన భాగము వంకరపోవును. పైనున్న గరుకు నమూనా కరగి అక్కడక్కడ నున్నబడును. మా బండి కుడిపక్క అట్టి మచ్చ యొకటి నా చేతిపనికి గుర్తుగా నేటికిని ఉన్నది.

ఈ పని పెద్దలే చేయవలెను. భాగమును బండినుండి విప్పి, పెట్రోలునకు దూరముగా, గాలివచ్చు చోట చేయవలెను. ఎ.బి.యస్. ప్లాస్టిక్కు 100 డిగ్రీలు దాటగానే మెత్తబడును గనుక దానికి ఈ చికిత్స పనికిరాదు.

రంగువేసిన భాగములు, హెడ్‌లైటు మూత

రంగువేసిన పక్కపలకలయందు వెలియునది ముందుగా రంగు. వానిలో ఎరుపు త్వరగా వెలియునను మాట అనేకుల అనుభవమే. వెలుతురులో శక్తి ఎక్కువగల నీలి, ఆకుపచ్చ భాగములను మ్రింగుటచేతనే ఎరుపు మనకు ఎర్రగా కనబడుచున్నది. మ్రింగినదానిచేతనే అది చెడుచున్నది. రంగుమీది పారదర్శకపు పొర మాత్రమే మసకబారియున్నచో మెత్తని పాలిష్ పేస్టుతో రుద్ది, మైనము పూసిన సరిపోవును. రంగే పోయినచో మరల వేయించవలెను. పాలీప్రొపిలీనునకు రంగు సులభముగా అంటదు. ముందుగా ప్లాస్టిక్కునకై ప్రత్యేకముగా చేసిన ప్రైమరు పూయనిదే కొన్నాళ్లలో పొరలుపొరలుగా ఊడును. బండి రంగు రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడియుండును. కావున వేరొక రంగు వేయింపగోరువారు ముందుగా రవాణా కార్యాలయమున విచారించుకొనవలెను.

హెడ్‌లైటు మూత పచ్చబడినచో అది అందమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. దీపపుకాంతి రోడ్డుమీద పడక చెదరును; ఎదుటివారి కన్నులను మిరుమిట్లు గొలుపును. నీటితో తడుపుచు 800, 1500, 2000 అంకెల ఉప్పుకాగితములతో వరుసగా రుద్ది, తుదకు పాలిష్ చేసిన నిర్మలమగును. కాని ఆ రుద్దుటతో కర్మాగారమున పూసిన రక్షణపొర కూడ పోవును. దానికి బదులుగా ఎండను ఆపు పారదర్శకపు పూత మరల వేయనిచో కొద్ది మాసములలోనే పచ్చబడును. పళ్లపొడి ముద్దతో రుద్దుటయు ఇట్టి తాత్కాలికమగు నూరుడే.

నివారణ

ఇన్ని చికిత్సలు చేసిన పిమ్మట నాకు తోచినదేమనగా, వీనిలో ఏదియు నీడకు సాటిరాదు. నూనె కప్పును, వేడి పూడ్చును, ఉప్పుకాగితము గీకివేయును. తెగకుండ కాపాడునది నీడ ఒక్కటే. నీడ దొరకనివారు ఒకే దిక్కున గాక దినమున కొకవైపుగా బండిని నిలుపవచ్చును. పలుచని నూలుగుడ్డ కప్పవచ్చును. గాలిచొరని ప్లాస్టిక్కు తొడుగు కప్పినచో లోపల చెమ్మ చేరి మరచీలు తుప్పుపట్టును.

ఈ విషయమున ఆసక్తిగల విద్యార్థులకు ఒక మాట. 1968 లో మన నగరముననే గిండీలో ప్లాస్టిక్కు పరిశ్రమకై సిపెట్ అను కేంద్రప్రభుత్వ సంస్థ స్థాపింపబడినది. పదవ తరగతి ముగించినవారు చేరదగిన డిప్లొమా చదువులు అందు కలవు. ఎండకు చెడని ప్లాస్టిక్కును కనుగొనువారు మన పాఠశాలనుండి వచ్చినచో అంతకన్న కావలసినదేమి?

స్కూటరు ఇప్పుడు ఆ బాలికవద్ద నున్నది. ఇచ్చునాడు, ఏ భాగములు కొత్తవో, ఏవి పైకి మాత్రమే నల్లబడినవో, ఏ చోట్ల నెలకొకసారి వ్రేలితో అదిమి చూడవలెనో ఒక కాగితముమీద వ్రాసి తాళపుచెవులతోబాటు ఆమె చేతికిచ్చితిని. తురాయి చెట్టు ఉన్నచోట ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఒక కానుగ మొక్కను నాటిరి. అది నీడనిచ్చుటకు ఇంకను కొన్ని సంవత్సరములు పట్టును. అప్పటికి నేను ఉద్యోగము విరమించియుందును. అంతవరకు దానికి దినమున కొక బిందెడు నీరు పోయుడని విద్యార్థులను కోరుచున్నాను. ఆ బిందెను మాత్రము ఎండలో విడువకుడు.